మొదటి సింథసైజర్ ఎంపిక: ఒక వయొలిన్ విద్యార్థిని కేసు

ఈ కేసు 2022 ఫిబ్రవరిలో మొదలై ఆ ఏడాది చివరి వరకు నడిచింది. విజయవాడలో సౌండ్ సింథసిస్, రికార్డింగ్ నేర్పడం నా వృత్తి. మొదటి సింథసైజర్ ఏది కొనాలన్న ప్రశ్నతో నెలకు ఒకరిద్దరైనా నా దగ్గరకు వస్తుంటారు, వారిలో చాలామందికి గంట సేపు మాట్లాడి సమాధానం చెప్పగలిగాను. ఈ కేసులో మాత్రం నేను మొదట ఇచ్చిన సలహా తప్పని నాలుగు వారాల్లో తేలింది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కున్న తర్వాత నేను సలహా ఇచ్చే పద్ధతే మారింది కాబట్టి దీన్ని మొదటి నుంచి చివరి వరకు రాసి పెడుతున్నాను. విద్యార్థిని పేరు, కుటుంబ వివరాలు ఇవ్వడం లేదు.

ఆమె వచ్చిన పరిస్థితి

ఆమెకు అప్పుడు 22 ఏళ్లు, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. అంతకుముందు తొమ్మిదేళ్ల పాటు కర్ణాటక సంప్రదాయంలో వయొలిన్ నేర్చుకుంది. వర్ణాలు దాటి కృతులు వాయించే స్థాయికి వచ్చాక చదువు ఒత్తిడితో ఆపేసింది. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఎలక్ట్రానిక్ సంగీతం వినడం అలవాటై, వినడంతో ఆగకుండా అలాంటిది తానే చేయాలన్న కోరిక బలపడింది. చేతిలో 8 జీబీ ర్యామ్ ఉన్న ఒక ల్యాప్‌టాప్, మామూలు ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. మొత్తం బడ్జెట్ 40 వేల రూపాయలు. అందులో 25 వేలు తండ్రి ఇస్తానన్నారు, మిగతాది ఆమె పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బు. ఈ చివరి సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది, ఎందుకంటే అలా కూడబెట్టుకున్న డబ్బుతో కొన్న వస్తువు ఆరు నెలల తర్వాత అట్టపెట్టెలోకి వెళితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆ మనిషి మళ్ళీ ఆ వైపు చూడటమే మానేయవచ్చు.

ఆమె చీటీ మీద మూడు పేర్లు రాసుకుని వచ్చింది: కోర్గ్ మినీలోగ్, ఆర్టూరియా మైక్రోఫ్రీక్, కోర్గ్ వోల్కా కీస్. వెంట వచ్చిన తండ్రి మనసులో నాలుగో వస్తువు ఉంది. "మాస్టారూ, ఈ ధరలో అరవై ఒక్క మీటల కీబోర్డు వస్తుంది కదండీ, తబలా, రిథమ్స్ అన్నీ అందులోనే ఉంటాయి. ఇరవై ఐదు మీటల బొమ్మకి ఇంత పెట్టడం ఎందుకండీ?" అని అడిగారు.

ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు. మన ప్రాంతంలో సింథసైజర్ అన్న మాట వినగానే గుర్తొచ్చేది పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో చర్చిలోనో వాయించే కీబోర్డు. యమహా వారు మన మార్కెట్ కోసమే తెచ్చిన పీఎస్ఆర్-ఐ శ్రేణి లాంటివి ఎన్నో ఇళ్లలో కనిపిస్తాయి. అది అరేంజర్ కీబోర్డు. ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల ధ్వనులు, ఎడమ చేత్తో కార్డ్ (ఒకేసారి నొక్కే కొన్ని స్వరాల గుంపు) పట్టగానే వెంట నడిచే తాళవాద్యాలు అందులో సిద్ధంగా ఉంటాయి. ఒక్క మనిషి మొత్తం బృందంలా వాయించడానికి దాన్ని మించింది లేదు. సింథసైజర్ పని వేరు. అందులో విద్యుత్ తరంగం ఒకటి పుడుతుంది, దాన్ని ఎంత చెక్కాలో, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాలో, పలుకుతూ ఉండగానే ఎలా మార్చాలో వాయించే మనిషి నిర్ణయిస్తారు. నిజానికి మీటలు దానికి తప్పనిసరి కూడా కాదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఏర్పాటు చేసిన మూగ్ యంత్రం వైర్లు, నాబ్‌లతో నిండిన పెద్ద పెట్టె. ఆ రోజు ఆమె తండ్రి ఎదుటే ఒక తరంగాన్ని మోగించి, ధ్వనిలోని పదునును తగ్గించి పెంచే ఫిల్టర్ నాబ్‌ను మెల్లగా తిప్పి వినిపించాను. "ఇది వాయించడం కాదండీ, వండటంలా ఉంది" అన్నారాయన. ఆ తర్వాత మీటల లెక్క ఎత్తలేదు.

నోటితో పాడించిన మూడు ధ్వనులు

ఏ రకం సంగీతం చేస్తావని అడిగితే వచ్చే సమాధానం నుంచి ఏ యంత్రం కావాలో తెలియదు. టెక్నో అన్నవారికి వేల రకాల యంత్రాలు పనికొస్తాయి. అందుకని ఆమెను, తనకు ఎంతో ఇష్టమైన మూడు ధ్వనులను నోటితో అనుకరించమని అడిగాను. మొదట సిగ్గుపడింది, తర్వాత కళ్ళు మూసుకుని చేసి చూపించింది. మొదటిది, కింది స్థాయిలో మొదలై పెదవులు మెల్లగా తెరుచుకుంటున్నట్టు ప్రకాశవంతమయ్యే ఒకే దీర్ఘ స్వరం. రెండోది, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ పోయే, మధ్యలో ఎక్కడా తెగని బాస్ వరుస. మూడోది, తంబుర లాంటి ఒక నిలకడ మీద వణుకుతూ తేలే సన్నని పలుకు.

నా నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్నవి ఇవే: "ఒకే స్వరం, జారుడు, నెమ్మదిగా తెరుచుకోవడం." మూడింటిలో ఒక్క కార్డ్ కూడా లేదు. ఇంత స్పష్టంగా రాసుకుని కూడా, చివరలో నేను ఆమెకు సూచించింది మినీలోగ్. అది 2016లో వచ్చిన, ఒకేసారి నాలుగు స్వరాలు పలికే అనలాగ్ (ధ్వనిని నేరుగా విద్యుత్ సర్క్యూట్లతోనే పుట్టించే) యంత్రం. 37 చిన్న మీటలు, తరంగం ఆకారాన్ని అప్పటికప్పుడు చూపించే బుల్లి తెర, నేర్చుకునేవారికి అర్థమయ్యేలా అమర్చిన నాబ్‌లు ఉన్నాయి. మంచి యంత్రం అన్నదాంట్లో సందేహం లేదు. అయితే నేను దాన్ని చెప్పడానికి కారణం ఆమె పాడిన ధ్వనులు కావు. ఎక్కువ స్వరాలు పలికేది కొంటే ముందు ముందు మళ్ళీ కొనాల్సిన పని ఉండదన్న మాట మా వృత్తిలో అలవాటుగా చెప్పుకుంటాం, నేనూ అదే చెప్పాను. ధర బడ్జెట్‌ను దాటుతోందని ఆమె అన్నప్పుడు, రెండు నెలలు ఆగి కొనుక్కోమని కూడా అన్నాను.

ఆ ఆగడమే మేలైంది. ఖాళీగా ఉండకుండా ఆ సమయంలో ల్యాప్‌టాప్‌లోనే సాధన చేయమన్నాను.

నాలుగు వారాల సాఫ్ట్‌వేర్ సాధన

ఈ రోజుల్లో ఏ యంత్రమూ కొనకుండానే సింథసిస్ నేర్చుకోవచ్చు. ఉచితంగా దొరికే వైటల్, సర్జ్, యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ పద్ధతిని అనుసరించే డెక్స్‌డ్ అనే మూడు సాఫ్ట్‌వేర్లు ఆమె ల్యాప్‌టాప్‌లో వేశాం. వీటిలో ఉన్న సదుపాయాలు లక్షలు పోసినా ఒకప్పుడు దొరికేవి కావు. చిక్కు కూడా అక్కడే ఉంది. సిద్ధంగా ఉన్న వందల ధ్వనుల్ని ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ కూర్చుంటే సాయంత్రం గడిచిపోతుంది, చేతికి ఏమీ రాదు. కాబట్టి ఒక షరతు పెట్టాను: సిద్ధ ధ్వనుల జోలికి పోకూడదు, ప్రతి రోజూ ఖాళీ అమరిక నుంచి మొదలుపెట్టాలి, ఒక ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించేది), ఒక ఫిల్టర్, ఒక ఎన్వలప్ (ధ్వని ఎలా మొదలై ఎలా ఆగాలో నిర్ణయించేది), ఒక ఎల్ఎఫ్ఓ (ధ్వనిని నెమ్మదిగా ఊపే తరంగం) దాటకూడదు, చేసిన ప్రతి ప్రయత్నాన్ని తేదీతో నోట్‌బుక్‌లో రాయాలి.

మొదటి వారం మొత్తం రెండు తరంగాల మీదే గడిచింది. రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగంలో మూలస్వరంతో పాటు దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అంటూ అనుస్వరాలన్నీ ఉంటాయి, పైకి పోయేకొద్దీ వాటి బలం సగం, మూడో వంతు, నాలుగో వంతుగా తగ్గుతుంది. చదరపు తరంగంలో బేసి సంఖ్యల అనుస్వరాలే ఉంటాయి కాబట్టి అది బోలుగా, వెదురు గొట్టంలా పలుకుతుంది. ఆమెకు ఇది చెప్పగానే, వయొలిన్‌పై కమాను పలుకు మొదటిదానికి దగ్గరగా ఎందుకుందో తానే అడిగింది: కమాను తీగను పట్టి లాగి వదలడం, మళ్ళీ పట్టడం వల్ల ఏర్పడే కదలిక రంపపు పళ్ళ ఆకారంలోనే ఉంటుంది. తొమ్మిదేళ్లు తన భుజం మీద ఉన్నది తెరపై గీతగా కనిపించిన ఆ రోజు ఆమె ముఖంలో వచ్చిన వెలుగు ఈ వృత్తిలో నాకు దొరికే అసలు ప్రతిఫలం.

నాలుగు వారాల తర్వాత నోట్‌బుక్ తెరిచి ఇద్దరం కూర్చుని చదివాం. 31 ప్రయత్నాలు ఉన్నాయి. కార్డ్స్ వాడినవి మూడే, ఆ మూడింటి పక్కనా "నచ్చలేదు" అని ఆమె చేతిరాతే ఉంది. మిగిలిన వాటిలో పదే పదే కనిపించినవి రెండు ఫిర్యాదులు. ఒకటి, ఫిల్టర్ తిప్పుతూ స్వరాన్ని జార్చాలంటే రెండు చేతులు కావాలి, మౌస్‌కు ఉన్నది ఒక్క బాణం గుర్తే. రెండోది వేరే రకం: "గాంధారం గుచ్చుతోంది" అని నాలుగు చోట్ల రాసుకుంది.

నొక్కిన మీటకు, వినిపించే ధ్వనికి మధ్య ఆలస్యం గురించి కూడా ఒకటి రెండు చోట్ల ఉంది గానీ, అది సెట్టింగులతో తీరిపోయింది. బఫర్‌ను, అంటే ల్యాప్‌టాప్ ధ్వనిని పంపే ముందు పోగుచేసుకునే ముక్కను, 256 శాంపిల్స్‌కు తగ్గించి 48,000 శాంపిల్ రేటులో పెడితే బఫర్ వల్ల వచ్చే ఆలస్యం 5 మిల్లీసెకన్ల చిల్లర మాత్రమే. ఆ మాత్రం ఆలస్యం సాధారణంగా వేలికి తెలియదు.

గాంధారం లెక్క

రెండో ఫిర్యాదు నన్ను ఆపింది. మీటల వాయిద్యాలు సాధారణంగా స్థాయిని 12 సమాన భాగాలుగా కోస్తాయి, ఒక్కో భాగం 100 సెంట్లు. ఆ కొలతలో అంతర గాంధారం షడ్జం నుంచి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబుర పక్కన కూర్చుని శ్రుతి చూసుకున్న చెవికి తెలిసిన గాంధారం మాత్రం 5:4 నిష్పత్తిలో, అంటే 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఈ 14 సెంట్ల తేడా కాగితం మీద చిన్నది. చెవికి చిన్నది కాదని లెక్క వేసి చూపించవచ్చు. ఐదు శ్రుతికి దగ్గరగా షడ్జాన్ని 200 హెర్ట్జ్ అనుకుందాం. తంబుర తీగలో దాని ఐదో అనుస్వరం 1000 హెర్ట్జ్ దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. స్వచ్ఛమైన గాంధారం 250 హెర్ట్జ్, దాని నాలుగో అనుస్వరం కూడా సరిగ్గా 1000, రెండూ కలిసిపోతాయి. సమభాగ గాంధారం దాదాపు 252 హెర్ట్జ్, దాని నాలుగో అనుస్వరం 1008; ఈ రెంటి మధ్య సెకనుకు ఎనిమిది సార్లు ఒక దడ పుడుతుంది. ఆమె గుచ్చుతోంది అన్నది ఆ దడనే. రంపపు తరంగంలో అనుస్వరాలు బలంగా ఉండటం వల్ల, పైగా ఆమె కింద నిలకడగా షడ్జం మోగిస్తూ పని చేయడం వల్ల అది మరింత బయటపడింది. వెంటవెంటనే మారిపోయే కార్డ్స్‌తో పాట కట్టేవారికి ఈ సమస్య అంతగా తగలదు. ఒకే షడ్జం మీద నిమిషాల తరబడి నిలిచే సంగీతం చేయాలనుకునే వయొలిన్ చెవికి తగులుతుంది.

సర్జ్‌లో శ్రుతి పట్టికను మార్చుకునే వీలుంది. ఆ సాయంత్రమే గాంధారాన్ని 386కు దింపి, పంచమాన్ని 702కు పెంచి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, అదే వరుసను మళ్ళీ మళ్ళీ మోగించుకుంటూ ఉండిపోయింది. ఇక నా మొదటి సలహాను వెనక్కి తీసుకోక తప్పలేదు.

గమకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా సింథసైజర్లలో స్వరాన్ని వంచే మీట పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాల పరిధితో వస్తుంది. తోడిలో రిషభ మధ్యమాల మధ్య ఊగే గాంధారానికి ఆ పరిధి సరిగ్గా సరిపోతుంది, అందుకే చాలామంది ఎల్ఎఫ్ఓతో ఆ ఊపును తెప్పించాలని చూస్తారు. అది కుదరదు. ఎల్ఎఫ్ఓ ఊపు గడియారంలా సమంగా ఉంటుంది. గమకం ఒక చివర ఆగుతుంది, మరో చివరను తాకీ తాకకుండా తిరిగి వస్తుంది, ఒక్కో ఊపు ఒక్కో వ్యవధి తీసుకుంటుంది. చేత్తో వంచాల్సిందే. అంటే ఆమె కొనే యంత్రంలో వంపు మీట పక్కకు నెట్టేసిన అలంకారంలా కాకుండా చేతికి అందేలా ఉండాలి.

యంత్రాలను మళ్ళీ చూడటం

ఈసారి ఆమె పాడిన మూడు ధ్వనులు, నోట్‌బుక్‌లోని రెండు ఫిర్యాదులు ఎదురుగా పెట్టుకుని చీటీలోని పేర్లను చదివాం.

మైక్రోఫ్రీక్ 2019లో వచ్చిన ఎంతో ఊహాశక్తి గల యంత్రం. ఒక ఆసిలేటర్ నాబ్ తిప్పితే పూర్తిగా వేరే పద్ధతిలో ధ్వని పుడుతుంది, దాని వెనుక అనలాగ్ ఫిల్టర్ ఉంటుంది, మీటల బదులు వేలి ఒత్తిడిని గ్రహించే 25 పలకలు ఉంటాయి. ఆ ఒత్తిడి వయొలిన్ చేతికి బాగా నచ్చింది. అయితే ఆసిలేటర్ రకం మారినప్పుడల్లా దాని పక్కనున్న మూడు నాబ్‌ల అర్థం కూడా మారుతుంది. రెండో యంత్రంగా అది వరం. మొదటి యంత్రంలో నిన్న తిప్పిన నాబ్ ఈ రోజు కూడా అదే పని చేయాలని, వేలికి దారి తెలిశాకే అర్థాలు మారడం మొదలవ్వాలని నా అభిప్రాయం. వోల్కా కీస్ చౌక, బ్యాటరీలతో నడుస్తుంది, దాని పలుకు పరిమాణానికి మించి నిండుగా ఉంటుంది. కానీ చేసుకున్న ధ్వనులను దాచుకునే జ్ఞాపకం అందులో లేదు, మీటలు తాకుడు పట్టీ మాత్రమే. సాధనను తేదీలతో రాసుకునే ఈ అమ్మాయికి అది సరిపడదు. మినీలోగ్‌ను నేనే తీసేశాను. నాలుగు స్వరాల కోసం చెల్లించే అదనపు డబ్బు, ఆమె కోరని సామర్థ్యానికి చెల్లించేది.

అలా చీటీలో లేని పేరు ఒకటి వచ్చింది: అదే సంస్థ మినీలోగ్ తర్వాత తెచ్చిన మోనోలోగ్. ఒకేసారి ఒకే స్వరం పలుకుతుంది. రెండు అనలాగ్ ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, ఒక ఎన్వలప్, ఒక ఎల్ఎఫ్ఓ, స్వరాల వరుసను గుర్తుంచుకుని తానే వాయించే 16 మెట్ల సీక్వెన్సర్, 25 చిన్న మీటలు, తరంగాన్ని చూపించే అదే బుల్లి తెర ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో నేను ఆమెకు పెట్టిన షరతుకు ఇది దాదాపు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మరో ముఖ్యమైన సంగతి, ప్రతి స్వరాన్నీ సెంట్లలో సరిచేసుకునే మైక్రోట్యూనింగ్ అందులో ఉంది. ఆ సదుపాయం రూపకల్పనలో ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఎఫెక్స్ ట్విన్ పాలుపంచుకున్నారు. లోపాలు లేవని కాదు. స్వరం నుంచి స్వరానికి జారే గ్లైడ్‌కు బయట నాబ్ లేదు, మెనూలోకి వెళ్ళాలి. జారుడే ప్రాణమైన ఆమెకు ఇది నిజమైన కొరత. వంపు మీట మాత్రం మీటల పక్కనే, బొటనవేలికి అందేలా వాలుగా ఉంది. ఆ కొరతను దీనితో పూడ్చుకోవచ్చని ఒక మిత్రుడి స్టూడియోలో గంటన్నర వాయించి ఆమే తేల్చుకుంది.

ఒకే స్వరం పలికే యంత్రంతో రాగం వాయించడం మన దేశంలో కొత్త సంగతేమీ కాదు. 1982లో బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ సంస్థ యంత్రాలైన టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8లతో పది రాగాలు రికార్డు చేశారు. అందులో టీబీ-303 ఏకస్వర యంత్రమే, స్వరాల మధ్య జారుడు దాని గుర్తింపు. ఆ సంగతి చెప్పాక తాను తక్కువ దానితో సరిపెట్టుకుంటున్నానన్న బెంగ ఆమెలో పోయింది.

కొనుగోలు

వాడిన యంత్రం ఒకటి హైదరాబాద్‌లో దొరికింది, బడ్జెట్‌లో సగానికి కాస్త పైన అయింది. మిగిలిన డబ్బుతో యంత్రం ధ్వనిని ల్యాప్‌టాప్‌లోకి పంపే, రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, స్టూడియో హెడ్‌ఫోన్స్, కేబుల్స్ వచ్చాయి. మొదట మినీలోగ్ చెప్పినప్పుడు ఈ ఖర్చును నేను లెక్కలోకే తీసుకోలేదు, అది నా రెండో పొరపాటు. చాలా సింథసైజర్లకు సొంత స్పీకర్లు ఉండవని అరేంజర్ కీబోర్డు చూసి పెరిగిన ఇంట్లో ముందే చెప్పి తీరాలి. లేకపోతే పెట్టె తెరిచిన రోజున ఇల్లంతా కూర్చుని నిశ్శబ్దాన్ని వింటారు.

వాడిన యంత్రాన్ని పరీక్షించడానికి మేము అనుసరించిన క్రమం ఇది. ముందు ఖాళీ అమరికలో ఒకే రంపపు తరంగం మోగించి, తెర మీద ఆకారం చూస్తూ ప్రతి నాబ్‌నూ ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పాం. మధ్యలో విలువ ఎగిరిపడినా, చిటపట వినిపించినా ఆ నాబ్ లోపల దుమ్ము చేరిందనో అరిగిందనో అర్థం. ప్రతి మీటనూ నొక్కి చూశాం. వంపు మీటను వదిలేశాక స్వరం సరిగ్గా మధ్యకే తిరిగి వస్తోందో లేదో ట్యూనర్‌తో చూశాం, ఎందుకంటే రెండు మూడు సెంట్లు పక్కకు ఆగినా ఈ అమ్మాయి పనికి అది పనికిరాదు. జాక్‌లో కేబుల్ పెట్టి కదిలించాం. ధ్వని ఒకటి మార్చి దాచి, కరెంటు తీసి, మళ్ళీ పెట్టి చూశాం. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మోగించి వదిలేసి, శ్రుతి ఎంత జరిగిందో చూశాం. అడాప్టర్ విషయంలో 9 వోల్టులు, మధ్య సూది పాజిటివ్ అన్నది చదివి నిర్ధారించుకున్నాం. ఇంట్లో పడి ఉన్న రౌటర్ అడాప్టర్ సరిపోయింది కదా అని గుచ్చి యంత్రాన్ని పాడుచేసుకున్నవారిని చూశాను.

మొదటి ఎనిమిది నెలలు

ఇంటికి తీసుకెళ్ళిన మూడో రోజున ఫోన్ చేసింది, "సార్, వెనకాల సన్నగా ఒక కూత వస్తోంది, మోసపోయామా?" అని. యంత్రం తప్పు కాదు. యూఎస్‌బీ తీగ ద్వారా ల్యాప్‌టాప్‌కు, ఆడియో తీగ ద్వారా ఇంటర్‌ఫేస్‌కు, ఇంటర్‌ఫేస్ నుంచి మళ్ళీ అదే ల్యాప్‌టాప్‌కు కలిపినప్పుడు భూమి తీగలు ఒక వలయంలా ఏర్పడతాయి, ల్యాప్‌టాప్ ఛార్జర్ నుంచి వచ్చే చప్పుడు ఆ వలయంలో తిరుగుతుంది. ఆ పాత ఇంట్లో ప్లగ్ పాయింటుకు ఎర్త్ సరిగా లేకపోవడం దానికి తోడైంది. యూఎస్‌బీ తీసేసి, ఏ మీట ఎప్పుడు నొక్కామో చెప్పే మిడి సంకేతాలను ఐదు సూదుల పాత కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కు కలపగానే కూత ఆగింది. ఆ మిడి కలయికలో రెండు వైపులా విద్యుత్ నేరుగా కలవకుండా, అందుకునే యంత్రం లోపల కాంతి ద్వారా సంకేతం దాటేలా 1983 నాటి ప్రమాణంలోనే ఏర్పాటు ఉంది. ఎర్త్‌ను ఆ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చేయించుకోమన్నాను, అది సంగీతం కన్నా ముందు ప్రాణానికి సంబంధించిన విషయం.

మే నెలలో ఇంకో సమస్య వచ్చింది. అనలాగ్ ఆసిలేటర్ స్వరాన్ని నిర్ణయించే సర్క్యూట్ ఉష్ణోగ్రతను బట్టి జరుగుతుంది. మధ్యాహ్నం గది 38 డిగ్రీలుండి, ఏసీ వేశాక అరగంటలో 26కు దిగితే, అందులో ట్యూన్ చేసుకున్న స్వరాలు ఆమె చెవి పట్టేంత తేడా చూపించాయి. గది చల్లబడే దాకా ఆగి, యంత్రాన్ని ఇరవై నిమిషాలు వెచ్చబడనిచ్చి, తర్వాతే శ్రుతి చూసుకోవడం అలవాటు చేసుకుంది. "వయొలిన్ కూడా అంతే కదా సార్, తీసిన వెంటనే వాయించం" అంది. మరొకరైతే దీన్ని యంత్రం లోపమని విసుక్కునేవారు.

సాధన విషయంలో నేను పెట్టింది ఒకటే నియమం: వారానికి ఒక ధ్వనిని విని, ఖాళీ అమరిక నుంచి దాన్ని తిరిగి కట్టాలి. తొలి మూడు వారాలు కష్టపడింది. ఆరో వారానికి, ఏదైనా ధ్వని వినగానే ఫిల్టర్ ఎంత తెరిచి ఉందో, ఎన్వలప్ ఎంత నెమ్మదిగా మొదలవుతోందో చేయి గాలిలో తిప్పి చూపించేది. సీక్వెన్సర్‌ను కూడా తన దారికి తెచ్చుకుంది. ఆది తాళం ఎనిమిది అక్షరాలు 16 మెట్లలో ఒక్కో అక్షరానికి రెండు చొప్పున ఇమిడిపోయాయి. మిశ్ర చాపుకు పొడవును 14 మెట్ల వద్ద ఆపి, మూడు, నాలుగు విరుపును ఫిల్టర్ కదలికతో తెలిసేలా చేసింది. ఎన్వలప్‌ను స్వరం మీదకు మళ్ళించి, కింది నుంచి ఎక్కి స్వరాన్ని అందుకునే జారుడును తెప్పించడం తానే కనిపెట్టుకుంది. మెనూలో దాగిన గ్లైడ్ గురించి ఆ తర్వాత ఫిర్యాదు వినలేదు.

కొరత తగిలిన చోటు ఒకటుంది. రెండు ఆసిలేటర్లలో ఒకదాన్ని షడ్జం నిలకడకు వాడి, రెండోదానితో రాగం వాయించాలని చూసింది. రెండూ మీటలతో పాటే కదులుతాయి, పైగా ఒకే ఫిల్టర్ గుండా వెళతాయి కాబట్టి అది కుదరలేదు. నిలకడను విడిగా రికార్డు చేసి ల్యాప్‌టాప్ నుంచి మోగించడమే మార్గమైంది. నాలుగు స్వరాల యంత్రం కొని ఉంటే షడ్జాన్ని పట్టి ఉంచి మిగతా స్వరాలు వాయించగలిగేది, ఆ మేరకు నా మొదటి సలహాలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. కానీ అక్కడా ఫిల్టర్ తెరిస్తే షడ్జం కూడా దానితో పాటే తెరుచుకుంటుంది.

ఈ కేసులో సరైన ఎంపిక అందరికీ సరైనది కాదని చెప్పడానికి అదే వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన ఒక చర్చి కీబోర్డు వాద్యకారుడి సంగతి చాలు. అతను నోటితో చేసి చూపించిన మూడు ధ్వనులూ రెండు చేతుల నిండా పట్టే, పాట వెనుక పరుచుకునే ప్యాడ్‌లే. ఏకస్వర యంత్రం ఇస్తే అతను వారంలో తిరిగి తెచ్చేవాడు. 61 మీటలుండి, బరువు తక్కువగా ఉండి, బ్యాటరీలతో కూడా నడిచే రోలాండ్ జూనో-డీఎస్61 లాంటిది అతనికి తగినదని మొదటి రోజే చెప్పాను, అదే కొన్నాడు.

డిసెంబరు నాటికి ఆమె దగ్గర పూర్తయిన రచనలు నాలుగు ఉన్నాయి, అన్నీ ఐదు నుంచి తొమ్మిది నిమిషాల మధ్యవి. నాలుగోది కల్యాణిలో మొదలవుతుంది. దాని కోసం గాంధారాన్ని 386 సెంట్ల దగ్గర స్థిరపరిచింది గానీ, ప్రతి మధ్యమం దగ్గర ఆగిపోయింది. 45:32 నిష్పత్తి ప్రకారం అది 590 సెంట్లు. నిలిపి వాయించినప్పుడు అది సరిగ్గా ఉందని, పంచమం వైపు ఎక్కే ప్రయోగంలో మాత్రం తక్కువైనట్టు ఉందని ఆమె అంటుంది. ప్రస్తుతం రెండు పట్టికలు దాచుకుంది, ఒకటి 590తో, మరొకటి 610తో. ఏది ఉంచాలో తేల్చుకోవడానికి పెట్టెలోంచి వయొలిన్ తీసి, కొత్త తీగలు వేయించి, యంత్రం పక్కనే పెట్టుకుని వాయించి చూసుకుంటోంది.